మూడు బంతులూ లేచేదాకా

నోట్లోంచి గొట్టం తీసేశాక అమ్మ నాతో అన్న మొదటి మాట, "మళ్ళీ ఈ గొట్టం పెట్టనిచ్చినావంటే నీ మొగం చూడను పో" అని. గొట్టం పెట్టించింది నేనే అయినట్టు! ఆమె ఎప్పుడు మాట్లాడుతుందా అని అప్పటిదాకా వార్డు తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడ్డాను. ఆ ఒక్క మాటతో ఏడుపు పోయి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. గొంతు బొంగురుపోయింది, మాట మాటకీ ఆయాసం, అయినా తిట్టు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. మా అమ్మ బతికిందని నాకు డాక్టరు కంటే ముందు ఆ తిట్టే చెప్పింది.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. అమ్మకి గుండెలో వాల్వు పాడైంది. ఉదయగిరిలో మా ఇంటి నుంచి చర్చికి వెళ్ళాలంటే దారిలో కనిపించిన ప్రతి అరుగు మీదా కాసేపు కూర్చునేది. చివరికి పడుకున్నా ఆయాసమే అయ్యేసరికి మద్రాసు తీసుకుపోయి ఆపరేషను చేయించాం. ఆ తర్వాత కొద్ది రోజులు వెంటిలేటరు అనే మిషనే ఆమె బదులు ఊపిరి తీసింది. గొట్టం గొంతులోకి పోయి ఉంటుంది కాబట్టి మాట రాదు. పీకేసుకుంటుందేమోనని చేతులు మంచానికి కట్టారు. అడక్కుండానే పదిమందికి సలహా చెప్పే మనిషిని అట్లా నోరూ చేతులూ లేకుండా పడుకోబెట్టడం ఎంత శిక్షో నాకు తెలుసు. కోసిన నొప్పి గురించి ఆమె తర్వాత పెద్దగా ఎవరికీ చెప్పలేదు. ఆ గొట్టం గురించి మాత్రం, "దానికంటే సావు మేలు" అని చూడవచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

మిషను తీసి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. "ఇన్నాళ్ళూ మిషను పని చేసింది, ఊపిరితిత్తులు బద్ధకం నేర్చుకున్నాయి. ఇక వాటిచేత పని చేయించాలి" అన్నాడు అక్కడి డాక్టరు. కొన్నాళ్ళు మాస్కు సాయం చేస్తుంది, ఆ పైన సొంత ఊపిరే. మాస్కు ముక్కూ నోరూ మూసేస్తుంది కదా, అమ్మకి అది ఊపిరికి సాయంలా కాక మాటకి అడ్డంలా కనబడింది. నర్సు అటు తిరగడం ఆలస్యం, దాన్ని గడ్డం కిందికి లాగి పక్క మంచం ఆవిడతో కబుర్లు మొదలుపెట్టేది. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి అరవం రాదు. అయినా ఆవిడ కోడలు మంచిది కాదన్న సంగతి అమ్మకి ఎట్లాగో తెలిసిపోయింది. నర్సు వచ్చి కసిరి మాస్కు సర్ది పోయేది. మా అమ్మని కసిరే మనిషి ఒకరు లోకంలో ఉన్నారని చూసి నాయన లోలోపల సంతోషపడ్డాడని నా అనుమానం.

వార్డులో మమ్మల్ని ఎక్కువసేపు ఉండనిచ్చేవారు కాదు. ఊపిరి వ్యాయామాలు నేర్పడానికి ఒక అరవ అమ్మాయి వచ్చేది, అమ్మకి నేర్పి వెళ్ళిపోయేది. ఇంటికి పంపే రోజున ఆ అమ్మాయి నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. అందులో మూడు గదులు, గదికొక రంగు బంతి. పక్కన మడతల గొట్టం, దాని చివర నోట్లో పెట్టుకునే పీక. వచ్చీ రాని తెలుగులో, "ఎలా చేయాలో అమ్మకి తెలుసు. మూడు బాలూ పైకి రావాలి. చేయలేదంటే ఛాతీలో కఫం నిలుస్తుంది, మళ్ళీ మిషన్" అంది. మళ్ళీ మిషను అన్న మాట అమ్మా విన్నది, నాయనా విన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన గందరగోళమంతా ఆ మాటలోంచే పుట్టింది.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. బస్సు కండక్టరుగా చేసి అప్పటికి కొద్దికాలం ముందే రిటైరయ్యాడు. కలిగిరి రోడ్డులో, ఆత్మకూరు రోడ్డులో ఏ మలుపు దగ్గర ఎవరు చెయ్యెత్తుతారో చూడకుండా చెప్పగలడు. మాటంటే మాటే. ఫుట్‌బోర్డు మీద వేలాడినందుకు సొంత బావమరిదిని నడిదారిలో దింపేసి విజిలు వేసిన ఘనత ఆయనది. ఆ బావమరిది మా మేనమామ కాబట్టి అమ్మ ఆ సంగతి ఏ పండక్కీ మర్చిపోయేది కాదు. మాది తాతల నాటి నుంచీ బాప్టిస్టు కుటుంబం. నాయనకి ప్రార్థన కూడా డ్యూటీ లాంటిదే, వేళ తప్పడానికి లేదు. కష్టమొస్తే మా వాళ్ళలో ఉపవాస ప్రార్థన చేస్తారు. కడుపు మాడ్చుకుని అడిగితే దేవుడు త్వరగా వింటాడని నమ్మకం. నాయనకి షుగరు ఉంది. వేళకి తినకపోతే చేతులు వణుకుతాయి, ఒళ్ళంతా చెమట్లు పడతాయి. ఈ రెండు సంగతులూ ఒకే మనిషిలో ఉంటే ఆ ఇల్లాలి గతేమిటో ఊహించుకోండి.

నేను వాళ్ళకి ఒక్కతే కూతుర్ని. వరికుంటపాడు దగ్గర ఒక ఊళ్ళో టీచరుగా చేస్తూ, సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వచ్చాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. చూడవచ్చినవాళ్ళు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని రావడం, వాటితోపాటు తలా ఒక సలహా ఇచ్చిపోవడం. "గట్టిగా దగ్గమాక వదినా, కుట్లు పిగిలిపోతాయి" అని పక్కింటామె. దగ్గాలి, దిండు గుండెకి అదుముకుని మరీ దగ్గాలి అని మద్రాసులో చెప్పారని నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వచ్చినవాళ్ళలో సగంమందితో నేను తగవు పెట్టుకునే ఉంటాను.

దగ్గడం అట్లా ఉంచితే, డబ్బా దగ్గర అసలు కష్టం వచ్చింది. అమ్మ పీక నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి లాగేది. రొమ్ము ఎముక కోసి అతికించారు కదా, ఊపిరి నిండే కొద్దీ నొప్పి. మొదటి బంతి కాస్త కదిలేది, మళ్ళీ పడుకునేది. మిగతా రెండింటికీ ఉలుకూ పలుకూ లేదు. "నా వల్ల కాదు" అని డబ్బా పక్కన పడేసేది. నాయన మంచం చుట్టూ తిరుగుతూ, "రైట్, రైట్, ఇంకొంచెం" అనేవాడు. "నేనేమన్నా బస్సునా?" అని అమ్మ.

అట్లా కొన్ని రోజులు పోయాక ఒక పొద్దున నాయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. చొక్కా చూసి చర్చికేమో అనుకున్నాను.

"మే, ఇదిగో, దేవుడి ముందర చెప్తా ఉండా. నువ్వు మూడు బంతులూ లేపేదాకా నేను అన్నం ముట్టను. ఏ రోజుకారోజే."

"దేవుడేమన్నా అంగడి పెట్టుకోనుండాడా, నువ్వు బేరమాడేదానికి?" అంది అమ్మ.

"షుగరు మనిషివి నాయనా, ఒక రోగి చాలదా ఈ ఇంటికి?" అని నేను అరిచాను. ఇద్దరం గోడకి చెప్పుకున్నట్టే అయింది. విజిలు వేశాక బస్సు ఆగదు.

ఆ రోజు పొద్దుగూకేదాకా ఆయన మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. దీపాలు పెట్టే వేళ నేను గొడవ చేస్తే గ్లాసు మజ్జిగ తాగాడు. మరునాడు మధ్యాహ్నం గుమ్మం పట్టుకుని నిలబడ్డవాడు అట్లాగే జారి నేల మీద కూర్చున్నాడు. నుదురంతా చెమట. నేను వంటింట్లోకి పరిగెత్తి గుప్పెడు పంచదార తెచ్చి, అన్నం ముట్టనన్నావు గానీ పంచదార ముట్టనన్లేదు కదా అని నోట్లో కుక్కాను. అమ్మ మంచం మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. లేవబోయింది, లేవలేకపోయింది. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడం ఆమె తీరు కాదు, ఆ గాభరాలో నాకది తట్టలేదు.

తెల్లారాక నన్ను పిలిచింది. "పాపా, ఆ డబ్బా ఇట్టా. దీన్ని ఇట్ట పట్టుకోమని చెప్పింది ఆ పిల్ల. నేనే మర్చిపొయినా."

డబ్బాని తలకిందులు చేసింది. పీక నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదింది. మూడు బంతులూ ఒక్కసారిగా ఎగిరి పైన అతుక్కున్నాయి.

నాయన "స్తోత్రం!" అని అరిచిన అరుపుకి పక్కింటామె పరిగెత్తుకొచ్చింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మాకు గ్యాసు పొయ్యి వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. అంతకుముందంతా ఊదుగొట్టంతో తడి కట్టెల్ని మండించిన అమ్మ అది. ఆ ఊదే నేర్పు ఇప్పుడు అక్కరకొచ్చిందని మురిసిపోయాం. ఏది తలో ఏది కాలో తెలియని డబ్బా అది. బంతులు పైకి రావాలన్నారు, వచ్చాయి. నాయన కంచం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుని, కడుపునిండా తిన్నాడు. ఆయన తింటుంటే అమ్మ దిండుకి ఆనుకుని చూస్తూ ఉంది. ఆమె మొహంలో ఆ నిమ్మళం చూసి, ఊపిరి కుదుటపడింది కాబోలు అనుకున్నాను.

ఆ రోజు నుంచీ పొద్దున్నే తలకిందులు డబ్బా, మూడు బంతులు, స్తోత్రం, నాయన భోజనం. ఇల్లు ఒక దారిన పడినట్టే ఉంది. చూడవచ్చినవాళ్ళ ముందు కూడా నాయన ఆమెచేత ఊదించేవాడు, చిన్నపిల్లచేత పాట పాడించినట్టు.

తర్వాత సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. దగ్గు తడిగా మారింది. నేను జ్వరం కంటే ముందు గమనించింది ఆమె తిట్లు పొట్టివైపోవడం. ఇదివరకు నన్నొక మాట అంటే మా అత్తగారి ఊరిదాకా పోయి తిరిగొచ్చేది. ఇప్పుడు "పో" అంటే అక్కడితో సరి. ఒకరోజు తెల్లవారుజామున "నీళ్ళు" అనే మాట కూడా రెండు ముక్కలుగా వచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. నాయన పరుగున పోయి కారు మాట్లాడుకొచ్చాడు. ఆత్మకూరులో ఛాతీ జబ్బులు చూసే డాక్టరు ఒకాయన ఉండేవాడు. అక్కడికి పోయేదాకా అమ్మ తల నా భుజం మీదే ఉంది. ఆమె ఊపిరి నా చెవికి వినబడుతూనే ఉంది. అది ఆగుతుందేమోనని నేను నా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

డాక్టరు వెంటనే పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్కు పెట్టించాడు. ఇంజెక్షన్లు, ఎక్స్‌రే అన్నీ అయ్యాక ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకునే ఉంది. అక్కడ కఫం చేరి చీము పడుతోంది. మందు నేనిస్తాను. గాలి మాత్రం ఆవిడే లోపలికి లాక్కోవాలి. రేపటికి మార్పు లేకపోతే మద్రాసు పంపాల్సిందే. అక్కడ మళ్ళీ వెంటిలేటరు పెట్టినా పెడతారు."

అమ్మ కళ్ళు మూసుకుంది. నాయన మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"ఊపిరి వ్యాయామం చేయిస్తున్నారా?" అని అడిగాడు డాక్టరు.

"ఒక్క రోజు తప్పలా సార్. మూడూ లేపతాది" అన్నాడు నాయన. అంత దిగులులోనూ ఆ గొంతులో గర్వం ఉంది.

"మూడూనా? ఈ ఎక్స్‌రే ఉన్న మనిషా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. నేను సంచిలోంచి తీసిచ్చిన డబ్బాని డాక్టరు నిలబెట్టి పట్టుకుని, మాస్కు కొంచెం తప్పించి, "ఏదమ్మా, ఒక్కసారి పీల్చండి" అన్నాడు. అమ్మ పీల్చింది. ఒక్క బంతీ కదల్లేదు.

"అట్ట కాదు సార్" అంటూ నాయన ఆయన చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. "ఇట్ట తలకిందులు చేసి ఊదాల." తనే పీక నోట్లో పెట్టుకుని ఊది చూపించాడు. మూడూ లేచాయి.

డాక్టరు డబ్బా తీసుకుని మంచం మీద పెట్టాడు. "పెద్దాయనా, ఊదితే లోపలున్న గాలి బయటికి పోతుంది. ఈమెకి కావాల్సింది లోపలికి. ఇట్లా చేయమని ఎవరు చెప్పారు?"

"మద్రాసులో, ఆ పిల్ల..."

నేను అమ్మ వైపు తిరిగాను. "ఆ పిల్ల ఇట్టనే చెప్పిందా మా?"

అమ్మ మాస్కు కిందికి లాగింది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పింది. "చెప్పలా. పీల్చమనే చెప్పింది. నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు చేసినావు మా?"

జవాబు అడిగిన నాకు కాదు, నాయనకి చెప్పింది. "నువ్వు కిందపడతా ఉంటే, నేను లేసొచ్చి పట్టుకోలేను గదయ్యా."

డాక్టరు ఎక్స్‌రే తీసుకుని నెమ్మదిగా అవతలికి వెళ్ళాడు. నాయన తల వంచుకుని బయటికి పోయాడు. నేను మాస్కు మళ్ళీ అమ్మ మొహానికి సర్ది, మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. మీరిద్దరూ ఇద్దరే, ఒకరు తినకుండా చావాలని, ఇంకొకరు ఊపిరాడక చావాలని, మధ్యలో నన్నెందుకు కన్నారు అన్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. లోపల నాకు ఇంకో భయం పట్టుకుంది. నాయన ఏ చెట్టు కిందో మోకరించి ఇంకా పెద్ద ఉపవాసం మొక్కుకుని వస్తాడని. ఆ మనిషికి చేతనైంది అదొక్కటే.

కాసేపటికి నాయన తిరిగొచ్చాడు. చేతిలో బస్టాండు హోటలు పొట్లం ఉంది. స్టూలు లాక్కుని అమ్మకి ఎదురుగా, ఆమెకి బాగా కనబడేటట్టు కూర్చున్నాడు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని విప్పాడు. ఇడ్లీలు, పైన కారప్పొడి. చట్నీ కారి పంచె మీద పడింది. అన్నానికి ముందు ప్రార్థన చేయకుండా ఆయన ఒక్క మెతుకు తినడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజు కళ్ళు కూడా మూయలేదు. ఆమెనే చూస్తూ తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

నాకు నోరు ఊరుకోదు. "దేవుడికిచ్చిన మాటో?" అన్నాను.

"దేవుడికి నేను సంజాయిషీ రాసుకుంటాలే" అన్నాడు. నములుతూనే ఉన్నాడు, కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అన్న మాటని ఆయన వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి. దానికి ఎంత కష్టపడ్డాడో ఆ మింగుడు పడని ఇడ్లీ చూస్తేనే తెలిసింది. నాయన మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ వచ్చింది.

అమ్మ రెప్ప వేయకుండా చూసింది. తర్వాత నాకేసి చెయ్యి చాచింది. డబ్బా నిలబెట్టి అందించాను. మాస్కు తప్పించి, పీక పెదాల మధ్య పెట్టుకుని, దిండు గుండెకి అదుముకుని లోపలికి లాగింది. నొప్పికి నుదుటి మీద నరం ఉబ్బింది. మొదటి బంతి వణికింది, లేచింది, పైన ఒక క్షణం నిలబడి పడిపోయింది. వెంటనే దగ్గు తెర వచ్చింది. నేను బేసిన్ పట్టుకున్నాను. రోజులుగా కదలని కఫం ముద్దలుగా పడింది.

నాయన ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. అమ్మ మాస్కు పెట్టుకుని కాసేపు ఊపిరి తెచ్చుకుంది. మళ్ళీ దాన్ని దించింది.

"ఆపమాక. నువ్వు తింటా ఉండు. నేను పీలస్తా ఉంటా."

ఆయన తిన్నాడు, ఆమె పీల్చింది. మధ్యాహ్నం నేను మెస్సు నుంచి క్యారియరు తెస్తే ఆయన అన్నం తిన్నాడు, ఆమె మళ్ళీ పీల్చింది. సాయంత్రం టీ తాగాడు. ఏమీ తినడానికి లేనప్పుడు అమ్మే, "ఒక అరటిపండు తినరాదా" అని పంపించేది. నర్సులకి ఇదొక వేడుకైపోయింది. ఆయన కంచం పట్టుకుంటే చాలు, ఒకమ్మాయి వచ్చి డబ్బా అందించేది. మరునాడు డాక్టరు అమ్మని కూర్చోబెట్టి, వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నాడు. కింద కూడా గాలి కొద్దిగా వినబడుతోందన్నాడు. "మద్రాసు వద్దులే. ఇక్కడే చూద్దాం." నేను బయటికి పోయి వరండాలో గోడకి తల ఆనించి నిలబడ్డాను. ఆ గొట్టం మళ్ళీ పెట్టరు. అంతకు మించి ఇంకేమీ నాకు అక్కర్లేదనిపించింది.

ఆత్మకూరు నుంచి వచ్చేనాటికి రెండో బంతి కూడా లేస్తోంది. మూడోది చాలాకాలం లేవలేదు. అది లేచిందా లేదా అని మాలో ఎవరూ అడగలేదు.

ఉదయగిరిలో మొదటి పొద్దున నాయన చాప మీద కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ మంచం మీద డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆయన చేతులు జోడించి కళ్ళు మూశాడు. నాయన ప్రార్థనంటే కూర చల్లారాల్సిందే, అందుకని నేను కంచం మీద మూత పెట్టబోయాను.

"ప్రభువా, ఈమె ఊపిరి నీ చేతిలో ఉండాది. నా అన్నం ఈమె చేతిలో ఉండాది. ఇంక నేను అడిగేదేం లేదు. ఆమెన్."

కళ్ళు తెరిచి, ఆమె వైపు ఒకసారి చూసి, ముద్ద కలిపాడు.